పక్క సీట్లో బ్రేకు

డ్రైవింగ్ మాస్టారి కుడికాలు ఎక్కడా ఊరికే ఉండదు. బస్సులో కూర్చున్నా, సోఫాలో చేరబడి టీవీ చూస్తున్నా, ఎదురుగా ఏదన్నా అడ్డొస్తే చాలు, ఠక్కున నేలని తొక్కేస్తుంది. ముప్పై ఒక్క ఏళ్ళు పక్క సీట్లో కూర్చుని, నేర్పేవాళ్ళ కోసం అక్కడ బిగించిన రెండో బ్రేకుని తొక్కుతూ, ఊళ్ళో సగం మందిని డ్రైవర్లని చేసిన కాలు అది. సోఫా ముందున్న తివాచీకి ఆ కాలు పెట్టిన చిల్లుకి ఆయన భార్య ఇప్పటికి రెండుసార్లు మాసిక వేసింది. ఇక బండి కదులుతుండగా ఆయన కన్ను మూసిన పాపాన పోలేదు. ఎవరో ఒకరు మెలకువగా ఉండాలిగా అంటాడు, రైల్లో కూడా.

ఆ భార్యని అందరూ టైలరమ్మ అంటారు. ఇంట్లో ముందుగది ఆమె కుట్టు మిషనుది, పక్కగది ఆయన డ్రైవింగ్ స్కూలుది. ఆ పక్కగది గోడ నిండా పాసైన శిష్యుల ఫోటోలే. కొత్త లైసెన్సు పట్టుకుని, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ వరసలు వరసలుగా ఉంటారు. కింది వరస చివర ఒకే ఒక్క ఫోటోకి చోటు మిగిలింది. ఆ చోటు మీద టైలరమ్మ కన్ను పడి మూడు నెలలైంది.

ఎందుకంటే, నగరంలో కార్లు ఇప్పుడు వాటంతట అవే తిరుగుతున్నాయి. పిలిస్తే గుమ్మంలోకొస్తాయి, దింపేసి ఇంకొకరి దగ్గరికి పోతాయి. హారన్ కొట్టవు, కయ్యానికి కాలు దువ్వవు, పిల్లి అడ్డొస్తే అది ఒళ్ళు నాక్కోవడం పూర్తయ్యేదాకా ఆగుతాయి. జనం వాటికి బుద్ధిమంతులని పేరు పెట్టేశారు. సొంత కార్లు ఒక్కొక్కటే మాయమై, ఆరంతస్తుల పార్కింగ్ భవనంలో నాలుగంతస్తుల నిండా పుట్టగొడుగులు పెంచుతున్నారు. రేపట్నుంచి చేత్తో నడిపే కారు వీధుల్లోకి రాకూడదు, ఆదివారాలు సముద్రం ఒడ్డు రోడ్డు మీద తప్ప. అదీ లైసెన్సున్నవాళ్ళకే. కొత్త లైసెన్సు పరీక్షలకి ఇవాళే ఆఖరి రోజు.

"ఊరంతటికీ నేర్పారు. నాకు మాత్రం నేర్పలేదు," అంది టైలరమ్మ మూడు నెలల కిందట, ఆ వార్త విన్న పూటే.

"నేర్పబోయాను కదే, పెళ్ళయిన కొత్తలో. మొదటి మలుపు దగ్గరే పోట్లాడి దిగిపోయావు."

"మీరు అటు తిప్పమన్నారు. నాకు ఇటు తిప్పాలనిపించింది. ఒక్కసారండీ, నా చేత్తో, నాకు తోచిన చోట మలుపు తిప్పాలి. అది తిప్పకుండా ఈ కార్ల కాలం అయిపోతే నా కడుపు రగిలిపోతుంది."

అంతకంటే చెప్పడానికేం లేదు. మర్నాటి నుంచే పాఠాలు మొదలయ్యాయి. గేర్లు తనంతట తానే మార్చుకునే పాత బండి, నెత్తిన డ్రైవింగ్ స్కూలు బోర్డు. పోట్లాటలు జరిగాయి గానీ, ఆశ్చర్యం, టైలరమ్మ ఇట్టే పట్టేసింది. స్టీరింగు ఆమె చేతిలో గుడ్డలాగా తిరిగింది. "ఆపు!" అని మాస్టారు అనడం ఆలస్యం, బండి వెన్నలా ఆగేది. "నా మొత్తం సర్వీసులో ఇంత బాగా ఆపే శిష్యురాలిని చూడలేదు," అని ఆయన ఫోన్లో కూతురితో గొప్పలు పోయాడు. కూతురు బుద్ధిమంతుల కంట్రోల్ రూములో ఉద్యోగం చేస్తుంది. కన్నకూతురే శత్రువుల్లో చేరిందని ఆయన రోజుకొకసారి అంటాడు, ఆమె రోజూ నవ్వుతుంది.

పరీక్ష పొద్దున్న పదకొండింటికి. ఇన్‌స్పెక్టరమ్మ, నవ్వడానికి కూడా పైనుంచి ఉత్తర్వు రావాలన్నట్టుండే మనిషి, పక్క సీట్లో కూర్చుని, రూలు ప్రకారం రెండో బ్రేకుకి తాళం వేసింది. మాస్టారు నోరు మెదపకుండా వెనక సీట్లో కూర్చోవాలి. బండి కదిలింది. టైలరమ్మ గుండె ఉత్సాహంతో గంతులేస్తోంది. మొదటి వీధి, రెండో వీధి, సైకిళ్ళ వంతెన, అన్నీ సాఫీగా గడిచాయి. అంతలో నాలుగు రోడ్ల జంక్షన్లో ఎర్రలైటు పడింది.

టైలరమ్మ హాయిగా కాలు తీసింది.

బండి ఆగలేదు. "ఆగవేం?" అని ఆమె బండినే అడిగింది. అది జవాబివ్వకుండా ఎర్రలైటు కింద నుంచి పెళ్ళికూతురిలా మెల్లగా, తలొంచుకుని నడిచింది. నాలుగు వైపుల నుంచీ వస్తున్న బుద్ధిమంతులు ఎక్కడివక్కడ నిలబడిపోయాయి. "బ్రేకమ్మా, బ్రేకు!" అని ఇన్‌స్పెక్టరమ్మ తన ముందున్న తాళం వేసిన పెడల్ని దబదబా తన్ని, లాభం లేక హ్యాండ్‌బ్రేకు లాగేసింది. వెనక సీట్లో మాస్టారు రెండు కాళ్ళతోనూ నేలని తొక్కుతూ ఉన్నాడు, పాపం.

వెంటనే కూతురి ఫోను. "అమ్మా, ఆ జంక్షన్లో అరవై ఒక్క బండ్లు ఒకేసారి ఆగిపోయాయి. ఏం అడ్డొచ్చింది?"

"నేనే అడ్డొచ్చానమ్మా."

ఇన్‌స్పెక్టరమ్మ ఫెయిలని రాసింది. ఆఖరి రోజు కాబట్టి ఇంకో అవకాశం ఉందనీ, మూడున్నరకి రమ్మనీ, నాలుగింటికి ఆఫీసు కిటికీ మూసేస్తారనీ చెప్పి దిగిపోయింది.

ఆలుమగలిద్దరూ ఫుట్‌పాత్ మీద కూలబడ్డారు.

"ఎర్రలైటు కనబడలేదా?"

"కనబడింది. కాలు తీశాను."

"తీస్తే ఎలా ఆగుతుందే? తొక్కాలి!"

"మూడు నెలలుగా తీస్తేనే ఆగుతోంది కదండీ! నా మిషనూ అంతేగా. తొక్కితే పరుగు, తీస్తే ఆగడం. నా కాళ్ళ దగ్గరున్న రెండో పెడలు ప్రమాదమొస్తే తొక్కడానికేమో అనుకున్నా. మీరు శభాష్, వెన్నలా ఆపావు అంటుంటే..."

ఆ మాట సగంలోనే ఆగిపోయింది. ఇద్దరూ ఒకేసారి మాస్టారి కుడికాలి వంక చూశారు. అది ఆ క్షణాన కూడా, ఎదురుగా ఓ బుద్ధిమంతుడు ఆగబోతుంటే, ఫుట్‌పాత్ రాయిని తొక్కుతోంది.

"నేనెప్పుడు తొక్కాను?" అన్నాడాయన, నిజంగానే తెలియక.

టైలరమ్మకి ముందు ఏడుపొచ్చింది. మూడు నెలలు తాను నేర్చుకున్నది సగం డ్రైవింగే, మిగతా సగం ఆయన కాలు చేసింది. తర్వాత ఆ కాలు అంత అమాయకంగా తొక్కుతూ ఉండటం చూసి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగలేదు, దానికీ బ్రేకు లేదు. పొట్ట పట్టుకుని నవ్వుతూనే లేచి, "పదండి, ఇంకా టైముంది," అంది.

పార్కింగ్ భవనం పై అంతస్తు ఖాళీ. రెండో బ్రేకు తీసేద్దామంటే చట్టం ఒప్పుకోదు, పైగా అంత ఎత్తులో ఆమె నిజంగా ఆపకపోతే అడ్డుకునేది అదొక్కటే. "తొక్కను, నీ మీదొట్టు," అన్నాడు మాస్టారు. పది గజాలు పోగానే తొక్కాడు. బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కాలు తనంతట తాను జారి దిగి తొక్కింది. మూడోసారి తొక్కాక, ఆయన తన కాలిని తానే తిట్టుకున్నాడు.

టైలరమ్మ హ్యాండ్‌బాగులోంచి సూదీ దారం తీసింది.

"ఏమే, ఏం చేస్తున్నావు?"

"కదలకండి, గుచ్చుకుంటుంది." మోకాళ్ళ నుంచి చీలమండల దాకా ఆయన ప్యాంటు కాళ్ళు రెంటినీ కలిపి కచ్చా కుట్లు వేసేసింది. కొలత సరిచూసుకోవడానికి ముందు వేసి తర్వాత పీకేసే కుట్లు అవి. "అలవాటు కొద్దీ లాగితే ఇవి తెగవు. ప్రాణం మీదకొచ్చి లాగితే తెగుతాయి. నా కుట్టు సంగతి నాకు తెలుసు."

అప్పుడు ఆమె తన జీవితంలో మొట్టమొదటిసారి బ్రేకు తొక్కింది. బండి గుర్రంలా సకిలించి నిలబడింది. మాస్టారి కళ్ళజోడు ఎగిరి అద్దానికి కొట్టుకుంది. "అమ్మో, ఇంత బలముందా దీనికి!" అని ఆమె చప్పట్లు కొట్టి మళ్ళీ తొక్కింది. నలభై సార్లు తొక్కింది. ఇరవయ్యోసారికి కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. నలభయ్యోసారికి, కుట్లలో గింజుకుంటూనే మాస్టారు, "ఇది మాత్రం నిజంగా వెన్నే," అన్నాడు. ఆ మాటకి టైలరమ్మ ఒళ్ళు పులకరించింది, ఎందుకంటే ఈసారి అది పూర్తిగా తనది.

మూడున్నరకి మాస్టారు కప్పలా గెంతుకుంటూ వచ్చి వెనక సీట్లో పడ్డాడు. కుట్లు విప్పే టైము దొరకలేదు.

"ఏమిటిది?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"ప్యాంటు రిపేరండీ. మధ్యలో వచ్చేశాం," అంది టైలరమ్మ.

పొద్దుటి సంగతి బుద్ధిమంతులు మర్చిపోలేదు. ఆ బండిని చూడగానే వీధి వీధంతా పక్కకి ఒదిగింది. జంక్షన్లో ఎర్రలైటు దగ్గర టైలరమ్మ గీతకి ఇవతల నిక్కచ్చిగా ఆగింది. అటు పచ్చలైటు పడినా ఒక్క బుద్ధిమంతుడూ కదలడే! ఆమె కిటికీలోంచి చెయ్యూపి, "వెళ్ళండి నాయనా, ఇప్పుడొచ్చు నాకు," అని బతిమాలింది. ఇన్‌స్పెక్టరమ్మ దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆఫీసు వంద గజాల్లో ఉందనగా, ఆగి ఉన్న ఓ బండి వెనక నుంచి ఒకాయన, మొహం కనబడనంత ఎత్తున పుట్టగొడుగుల బుట్టలు మోసుకుంటూ, నేరుగా రోడ్డు మీదకి వచ్చేశాడు.

టైలరమ్మ ఏమీ ఆలోచించలేదు. కాలే ఆలోచించింది. వెనక నుంచి పర్రుమని గుడ్డ చిరిగిన చప్పుడు. బండి ఆగింది. బుట్టలకీ బండికీ మధ్య జానెడు ఖాళీ. ఆయనకి ఏం జరిగిందో కూడా తెలియలేదు, ఒక్క పుట్టగొడుగు కూడా కింద పడకుండా అటు దాటిపోయాడు.

ఇన్‌స్పెక్టరమ్మ వెనక్కి తిరిగి మాస్టారి కాళ్ళ వంక చూసింది.

"నేను తొక్కలేదే," అన్నాడు మాస్టారు. మోకాలి నుంచి కింద దాకా ఆయన ప్యాంటు కుట్లన్నీ తెగి వేలాడుతున్నాయి.

"తెలుసు. అక్కడ మీకు పెడలు లేదు," అంది టైలరమ్మ. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అవి ఆనందంతో వచ్చినవని ఆమెకి బాగా తెలుసు.

నాలుగింటికి ఇంకా పది నిమిషాలుండగా ఇన్‌స్పెక్టరమ్మ సంతకం పెట్టి, ఏ ఉత్తర్వూ లేకుండానే నవ్వింది. గోడ మీది ఆ చోటు కోసం మాస్టారు ఫోటో తీశాడు. అది కాస్త చెదిరింది, ఆమె అదే కావాలంది.

వీధుల్లో చేత్తో నడిపేందుకు ఇంకా సాయంత్రం ఉంది. టైలరమ్మ స్టీరింగు పట్టుకుంది. మాస్టారు వెనక్కి వెళ్ళబోయి, ఆగి, పక్క సీట్లో కూర్చున్నాడు. తాళం తీసిన బ్రేకు ఆయన కాలి కిందే ఉంది. దాని వైపు ఓ చూపు చూసి, చెప్పులు విడిచి, రెండు కాళ్ళూ సీటు మీదకి ఎత్తి బాసింపట్టు వేసుకున్నాడు. మొదటి లైటు దగ్గర ఆమె ఆపింది. రెండో లైటు దగ్గరా ఆపింది. కాళ్ళు కదల్లేదు. ఏమైందా అని చూస్తే, ఆయన తల కిటికీకి ఆనించి, నోరు తెరుచుకుని, గురక పెడుతున్నాడు.

ఇల్లు రావాలంటే తర్వాతి మలుపు అటు తిప్పాలి. టైలరమ్మ ఇటు తిప్పింది.