మామూలు చప్పుడు

ఆఫీసులో అతన్ని అందరూ పాముచెవులు అని పిలిచేవారు. పక్క గదిలో ఎవరు గొణుక్కున్నా ఇట్టే వినేస్తాడని వేళాకోళం. పని కూడా అలాంటిదే దొరికింది. ఎక్కడైనా పెద్ద భవనం లేస్తుందంటే, అక్కడి గాలీ దుమ్మూ చప్పుడూ ముందే కొలిచి, కడితే చుట్టుపక్కల వాళ్ళకి ఎంత చేటో తేల్చే సంస్థ అది. అందులో ఇతని వంతు చప్పుడు.

ఈసారి నలభై అంతస్తుల భవనం, సరిగ్గా వాళ్ళక్క ఇంటి ఎదురుగానే వచ్చిపడింది. బావ ఆ ఇంటి ముందుగదిలో వయొలిన్లు బాగుచేస్తాడు. ఆ మనిషికి చెవులే అన్నం పెడుతున్నాయి. పునాదికి ఉక్కు స్తంభాల్ని సుత్తియంత్రంతో దిగ్గొడితే ఆ గదిలో ఒక్క తీగ కూడా శ్రుతికి రాదు, బావ కొట్టు మూసుకోవలసిందే. నేలని తొలిచి దింపితే చప్పుడు తక్కువ గానీ కట్టేవాళ్ళకి ఖర్చెక్కువ. ఏ యంత్రమన్నది తేలేది పాముచెవుల కొలతతోనే. బంధువులున్న చోట కొలవకూడదని ఆఫీసులో నియమం ఉంది. ఆ సంగతి కడుపులోనే దాచుకుని తనే బయల్దేరాడు, ఘనుడు!

ముందుగది కిటికీ పక్కన మైకు నిలబెట్టాడు. కొలిచేవాడి దగ్గు కూడా అందులో పడకూడదు కాబట్టి టీ కొట్టు దాకా నడిచాడు. తిరిగొచ్చేసరికి, అబ్బబ్బ, సందు సందంతా అదిరిపోతోంది! స్కూటర్ల హారన్లు, మిక్సీలు, పళ్ళేల మీద గరిటెల మోత. చెంచా కింద పడితేనే తలనొప్పంటూ మంచమెక్కే బావ, రేకుడబ్బాని పట్టుకుని చితక్కొడుతున్నాడు. పక్కన నిలబడి "ఇంకా గట్టిగా!" అంటోంది అక్క.

"ఏంటే అక్కా ఇది?"

"నీ మిషను వినాలనే రా! ఇప్పటికే ఇంత గోల భరిస్తున్నాం, ఇంకో భవనం కూడానా అని వాళ్ళకి తెలిసిరావద్దూ?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు అతనికి. "తెలిసొచ్చేది అది కాదే! ఇంత గోలున్న చోట సుత్తి పెట్టి కొట్టినా ఒకటే అంటారు. సద్దు లేని చోటైతేనే మెల్లగా కట్టమంటారు."

బావ డబ్బా కింద పెట్టాడు. "అంటే, గోల పడేవాళ్ళ మీద ఇంకా గోల రుద్దొచ్చా? ఇదెక్కడి న్యాయం బావమరిదీ?"

నిజమే, ఇదెక్కడి న్యాయం? ఇన్నేళ్ళుగా కొలుస్తూ కూడా ఆ ప్రశ్న తనకెందుకు తట్టలేదో అతనికి అర్థం కాలేదు.

రికార్డింగు విని ఆఫీసులో పెద్దసారు పగలబడి నవ్వాడు. "ఇదేం వంటల పోటీయా? మళ్ళీ వెళ్ళు." మళ్ళీ వెళ్తే, ఈసారి సందులో జనమంతా సైగలతో మాట్లాడుకుంటున్నారు. ఏడ్చే పిల్లల్ని అమ్మమ్మల ఇళ్ళకి తోలేశారు. అదీ విన్నాడు సారు. "అసలక్కడ మనుషులున్నారా? కట్టేవాళ్ళు మొదటి కొలతే బాగుందంటున్నారు. ఇంకొక్కసారి చూడు. అదీ ఇలాగే ఏడిస్తే మొదటిదే ఖాయం."

పాముచెవులకి ఎటూ పాలుపోలేదు. గోల అబద్ధం, నిశ్శబ్దం అబద్ధం. మైకు కనబడితే చాలు, ఒక్కరూ తమలా ఉండరే! చివరికి తనూ ఒక అబద్ధమే ఆడాడు. మైకుని ఆపకుండా కిటికీ దగ్గరే వదిలేసి, "మిషను పాడైందే అక్కా, ఇవాళ కొలత లేదు" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు మైకు తెచ్చుకుని, ఆఫీసులో హెడ్‌ఫోన్లు తగిలించుకుని విన్నాడు. ఒక సైకిల్ గంట. ఎవరో పిల్లాడి పేచీ. బావ తీగని మీటుతూ, బిగిస్తూ, మళ్ళీ మీటుతున్నాడు. అంకెలు చూస్తే సుత్తియంత్రానికి దారే లేదు. హమ్మయ్య అనుకునేంతలో కిటికీ దగ్గర మాటలు.

"మీ తమ్ముడే కదండీ కొలిచేది. మనకి తగ్గట్టు రాసేయమనండి" అంటోంది పక్కింటావిడ.

"వాడి జోలికెళ్ళకండి, మీకు పుణ్యముంటుంది" అంది అక్క గొంతు. "మా తమ్ముడికి ఉద్యోగం పోతే దిక్కేముంది? మరీ భరించలేకపోతే మేమే ఇంకో ఇల్లు వెతుక్కుంటాం."

రికార్డింగులో ఒక్క ముక్క కత్తిరించినా అది చెల్లదు. మొత్తం వినిపిస్తే తను దొరికిపోతాడు. వినిపించకపోతే బావ గదిలోకి సుత్తి వచ్చి పడుతుంది. అక్క గొంతు ఇంకోసారి విని, లేచి వెళ్ళి పెద్దసారు చేతిలో పెట్టేశాడు.

సారు ఆసాంతం విన్నాడు. "కొలత భేషుగ్గా ఉందయ్యా. ఇంతకీ ఎవరీ తమ్ముడు?"

"నేనే సార్."

ఉద్యోగం ఊడలేదు గానీ, అతన్ని దుమ్ము కొలిచే పనిలోకి తోశారు. అతను కొలిచినవేవీ చెల్లవని సందుకి ఇంకొకణ్ణి పంపారు. ఆ పొద్దున్నే అక్క ఫోను చేసింది.

"ఒరేయ్, ఎవరో కొత్తబ్బాయి మిషను పెడుతున్నాడు! గోల చెయ్యమంటావా, నోళ్ళు మూసుకోమంటావా?"

"రెండూ వద్దే. మామూలుగా ఉండండి."

"మామూలుగా అంటే ఎలా రా? మేం మామూలుగా ఎలా ఉంటామో మాకేం తెలుసు?"

అతనికి తెలుసు. "బావని తీగలు బిగించుకోమను. నువ్వు ఎప్పట్లాగే పక్కింటావిడతో మాట్లాడు. నా ఊసు మాత్రం ఎత్తకు."

"నీ ఊసెత్తకుండా నేనెప్పుడు మాట్లాడాను రా?" అంది అక్క, నిజంగానే ఏం చెయ్యాలో తోచక.