సిగ్నల్ అందే చోట

సుబేదార్ పెంచలనరసింహం కూతురి పెళ్ళి శుభలేఖ ఇంటికి వచ్చిన రోజే సుజన భర్తకు ఫోను చేసింది. పాల్ మిలిటరీలో, పంజాబ్‌లో, ఆ సుబేదార్ కిందే హవల్దారు. గుడారాలూ పట్టలూ ఉండే స్టోరు బాధ్యత అతనిది.

"ఆయన సెలవులో ఉండేటప్పుడు నువ్వుగా ఏదీ తేల్చబాక. ఎవురేం అడిగినా సుబేదార్ సాబ్‌ను అడగాల, ఆయన ఫోను ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటాదని చెప్పు" అంది.

"ఆడపిల్ల పెళ్ళి సుజనా" అన్నాడు పాల్.

"మీ నాయనది చావు" అంది సుజన.

రెండేళ్ళ కిందట మామ కొండలయ్య మంచాన పడితే పాల్ సెలవు మీద వచ్చాడు. వాళ్ళ పల్లె ఉదయగిరికీ దుత్తలూరుకూ మధ్య ఉంది. ఇంట్లో సిగ్నల్ అందదు. బస్సులు ఆగే రోడ్డు దాకా వెళ్ళాలి. సుబేదార్‌ది ఆత్మకూరే కనుక ఆ సంగతి ఆయనకు తెలుసు. "ఈడ తనిఖీ ఉండాది. సెలవంటే ఫోను మూసి పెట్టుకోవడం కాదు. సిగ్నల్ అందే చోటే ఉండు" అన్నాడు. పాల్ రోడ్డు మీదే ఉండిపోయాడు. పాస్టరు ప్రార్థన చేస్తుంటే కొండలయ్య "పాల్ ఏడమ్మా" అని రెండుసార్లు అడిగి, మూడోసారి అడగలేదు. ఊపిరి ఆగాక ఆయన కళ్ళు మూసింది సుజనే. కబురు చెప్పడానికి పరుగెత్తి వెళితే, టార్పాలిన్ పట్టలు ఏ అరలో ఉన్నాయో ఫోనులో సుబేదార్‌కు చెబుతున్న పాల్, ఒక్క నిమిషం ఆగమని ఆమెకు చేత్తో సైగ చేశాడు.

సుబేదార్ తర్వాత ఫోనులో సారీ చెప్పాడు. ఆ ఫోనులోనే స్టోరు తాళంచెవి గురించి కూడా అడిగాడు.

ఆత్మకూరు కల్యాణమండపంలో సుబేదార్ భార్య సీతమ్మ సుజనను చూసి, "పాల్ భార్యవి గదా, రామ్మా" అని చేయి పట్టుకుని ముందు వరసలో కూర్చోబెట్టింది. సుజన నవ్వింది. ఆ నవ్వు నిలబెట్టుకోవడం ఆమెకు కష్టం కాలేదు.

అల్లుడి కాళ్ళు కడిగే వేళకు సుబేదార్ ఫోను మోగింది. తెర చూసి "మేజర్ సాబ్" అంటూ లేచాడు. గుడారాలు వేరే యూనిట్‌కు అప్పగించాలట, లారీలు వచ్చి నిలబడ్డాయట, స్టోరులో వాటి లెక్క కావాలట. చెప్పి వచ్చి పీట మీద కూర్చోగానే మళ్ళీ మోగింది. మేళం హోరులో మాట వినపడక ఈసారి బయటికి నడిచాడు. ముహూర్తం దాటిపోతుందని పురోహితుడు తొందరపెట్టాడు. చివరికి కన్యాదానానికి పిల్ల మేనమామ నారాయణయ్యనూ ఆయన భార్యనూ పీటల మీద కూర్చోబెట్టారు. పెళ్ళికూతురు సాయిశ్రీ తల తిప్పి తలుపు వైపు చూసింది. సుజన చూపు దించుకుని, లేచి బయటికి వెళ్ళింది.

రోడ్డవతల టైర్ల షాపు పందిరి కింద, పట్టుపంచె కట్టుకుని, ఒక చెవిలో వేలు పెట్టుకుని సుబేదార్ "యస్ సర్, యస్ సర్" అంటున్నాడు. లోపల గట్టిమేళం మొదలైంది. ఆయన ఒక్కసారి మండపం వైపు తిరిగాడు. కాళ్ళు కదిలాయి గాని ఫోను చెవి నుంచి దిగలేదు. మేళం ఆగిన తర్వాతే అవతల మేజర్ పెట్టేశాడు.

"ఈ లెక్కలన్నీ పాల్‌కు తెలుసు గదమ్మా. వాడెందుకు చెప్పలేదు?" అన్నాడు, రోడ్డు దాటి వచ్చి ఎదురుగా నిలబడిన సుజనతో.

"చెప్పొద్దని నేనే అన్నాను సార్. మా మామ పోయినప్పుడు పాల్ కూడా రోడ్డు మీదే ఉన్నాడు. పట్టలు ఏడుండాయో మీకు చెప్తా ఉన్నాడు."

"నా బిడ్డ నీకేం చేసిందమ్మా?"

సుజన కొంగు భుజం మీదికి సర్దుకుంది.

"ఏం చెయ్యలేదు. మా మామ కూడా మీకేం చెయ్యలేదు."

ఆయన పంచె కుచ్చిళ్ళు పట్టుకుని లోపలికి పరుగెత్తాడు. సుజన భోజనానికి ఆగకుండా బస్టాండుకు నడిచింది.

బస్సు ఉదయగిరి చేరకముందే పాల్ ఫోను చేశాడు. "మేజర్ నన్ను నానా తిట్లూ తిట్టినాడు. సుబేదార్ వచ్చినాక ఏ కొండ మీది పోస్టుకో తోలేస్తాడు నన్ను."

"తోలనీ."

పాల్ గొంతు తగ్గించి అడిగాడు.

"తాళి కట్టేటప్పుడు లేడా?"

"లేడు. రోడ్డు మీద ఉన్నాడు."

"నువ్వు చూసినావా?"

"ఎదురుగా నిలబడి చూసినాను."

పాల్ గట్టిగా ఊపిరి వదిలాడు. "మొదట్నుంచీ చెప్పు" అన్నాడు.