షోరూమ్ వెలుగు

తను పనిచేసే మానిటర్ల షాపులోకి బావ అడుగుపెట్టగానే చిన్నికి ముందుగా కనిపించింది ఆయన చూపుడు వేలు. నాలుగేళ్ళ కిందట ఆ వేలినే తన మొహం మీదకి గురిపెట్టి, పదిమంది ఎదుట, "ఈ రంగుగుడ్డిదాన్ని నమ్ముకుని నేను మునిగాను" అన్నాడు. వేలు అదే, దానికి ఉంగరం మాత్రం కొత్తగా వచ్చింది.

అప్పట్లో చిన్ని బావ స్టూడియోలోనే పనిచేసేది. బట్టల షాపుల కోసం కేటలాగులు తయారుచేసే స్టూడియో అది. బావ ఫొటోలు తీసేవాడు. చిన్ని గుడ్డముక్క చేత్తో పట్టుకుని, కంప్యూటర్లో ఫొటో రంగు ఆ గుడ్డ రంగుకి సరిపోయేదాకా దిద్దేది. ఆమెకి ఇచ్చిన మానిటరేమో చవకగా దొరికిన గేమింగ్ మానిటర్. అందులో ప్రతి రంగూ ఉన్నదానికంటే నాలుగాకులు ఎక్కువే కనిపించేది. అందుకని చిన్ని తెరని నమ్మకుండా, రంగుల కొలత చెప్పే అంకెలు చూసుకుని దిద్దేది. అచ్చుకి పంపేముందు బావ ఆమె కుర్చీలో కూర్చున్నాడు. "ఎరుపు మరీ కళ్ళల్లో పొడుస్తోంది" అంటూ, వద్దు మొర్రో అంటున్నా వినకుండా అన్ని పేజీల్లోనూ రంగు తగ్గించేశాడు. తీరా పుస్తకం అచ్చయి వచ్చాక అందులోని కొత్త బట్టలన్నీ పదిసార్లు ఉతికి ఆరేసినట్టున్నాయి. బట్టల షాపు యజమాని మండిపడ్డాడు. బావ వేలు చిన్ని వైపు తిరిగింది.

పక్క బల్ల దగ్గర గుడ్డముక్కలు అంటిస్తున్న అక్క అంతా చూసింది. భర్త కుర్చీలో కూర్చోవడమూ చూసింది, రంగు తగ్గించడమూ చూసింది. తల వంచుకుని ఇంకో ముక్కకి జిగురు రాసింది.

రంగుగుడ్డి అన్న పేరు చిన్ని కంటే ముందే ప్రతి స్టూడియోకీ చేరిపోయింది. రంగుల పని చేసేదానికి అంతకంటే పెద్ద తిట్టు ఏముంటుంది? ఎక్కడా పని దొరక్క చివరికి మానిటర్లు అమ్మే ఈ షాపులో చేరింది. అక్కతో మాటలు మానేసింది. బావ మీద పగని మాత్రం పాలు పోసి పెంచుకుంది.

"నువ్వా? ఇక్కడ చేస్తున్నావా?" అన్నాడు బావ.

"రండి బావగారూ. ఏం కావాలి?"

"మానిటర్. పాతది పోయింది. బట్టల షాపాయన బతిమాలించుకుని బతిమాలించుకుని మళ్ళీ కేటలాగ్ ఇచ్చాడు. చూపించడానికి ఇంకెవరూ లేరా?"

"అందరూ భోజనానికి వెళ్ళారు."

నిజంగానే వెళ్ళారు. చిన్ని ఆయన్ని గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. ఎడమవైపు గేమింగ్ మానిటర్, కుడివైపు షాపులోకెల్లా మంచి డిస్‌ప్లే. రెండిట్లోనూ ఒకటే ఎర్రపూల బొమ్మ.

గోడ మీది మానిటర్లన్నిటికీ షోరూమ్ మోడ్ అని ఒకటి ఉంటుంది. అది పెడితే వెలుగూ రంగూ అమాంతం పెరిగి, దారిన పోయేవాడు కూడా ఆగి చూస్తాడు. ఆ వెలుగులో చవక మానిటర్ పెళ్ళికూతురిలా వెలిగిపోతుంది, అసలైనదేమో దాని పక్కన జ్వరం పడి లేచినదానిలా ఉంటుంది. అందుకే రంగుల పనివాళ్ళు ఎవరొచ్చినా ముందు ఆ వెలుగు తగ్గించి చూపించాలని షాపులో పద్ధతి పెట్టింది చిన్నే. రిమోట్ మీద మీట ఒక్కసారి నొక్కితే చాలు. ఆ రోజు ఆ రిమోట్ తీసి సొరుగులో పెట్టి, సొరుగు మూసింది.

తర్వాత నోటితో మాత్రం అక్షరం పొల్లుపోకుండా నిజమే చెప్పింది. "ఎడమవైపుది ఆటలాడేవాళ్ళకి బావగారూ. బొమ్మ చకచకా కదులుతుంది, కానీ రంగులు పెంచి చూపిస్తుంది. కుడివైపుది ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. గుడ్డలో పోగులు కూడా లెక్కపెట్టుకోవచ్చు. మీ పనికి అదే తీసుకోండి."

తను తూర్పు చూపిస్తే బావ పడమర నడుస్తాడని ఆమెకి తెలుసు. అందుకే అంత ఓపిగ్గా చూపించింది.

బావ కుడివైపు దాన్ని చూసి మొహం చిట్లించాడు. "ఇదేంటి, ఇంత చచ్చుగా ఉంది? ఖరీదైంది నాకు అంటగడదామనా? రంగుల సంగతి నువ్వా నాకు చెప్పేది?" ఆ వేలు ఎడమవైపుకి తిరిగింది. "ఇది కట్టించు."

షాపులో ఇంకో పద్ధతి కూడా ఉంది. వద్దన్నదాన్ని ఎవరైనా కొంటే, వద్దని చెప్పినట్టు ఒక కాగితం మీద సంతకం తీసుకుంటారు. చిన్ని కాగితం ముందుకు జరిపింది. బావ నవ్వి, సంతకంతో ఊరుకోకుండా, పైన తన చేత్తోనే రాశాడు: నా కళ్ళతో చూసి తీసుకున్నాను. దాని కింద రెండు గీతలు కూడా గీశాడు.

ఆయన వెళ్ళాక చిన్ని ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి భద్రంగా దాచుకుంది. నాలుగేళ్ళలో ఎన్నడూ లేనంత కమ్మగా భోంచేసింది. ఇక రోజూ అద్దం ముందు తల దువ్వుకుంటూ, బావ చిందులు తొక్కుకుంటూ షాపుకొస్తే ఏ గొంతుతో ఆ కాగితం చదవాలో సాధన చేసింది. చుట్టూ పదిమందైనా ఉండాలని కోరుకుంది.

మూడోవారం ఒక మధ్యాహ్నం తలుపు తీసుకుని వచ్చింది బావ కాదు, అక్క.

చేతిలో కేటలాగ్ ఉంది. అక్క దాన్ని బల్ల మీద తెరిచి పెట్టింది. బట్టలన్నీ మళ్ళీ వెలిసిపోయి ఉన్నాయి.

"ఎవరు చేశారిది?" అంది చిన్ని.

"నేనే. నువ్వెళ్ళాక ఆ కుర్చీలో ఇంకెవరు కూర్చుంటారు? చూసి చూసి నేర్చుకున్నాను." అక్క వెలిసిన పేజీ ఒకటి తిప్పింది. "తెర మీద రంగులు మండిపోతోంటే తగ్గించాను. నిన్న అందరి ముందూ ఆయన నన్ను రంగుగుడ్డి అన్నారు. కళ్ళ డాక్టర్ దగ్గరికి పొమ్మన్నారు."

చిన్నికి ముందు కలిగింది జాలి కాదు. హాయిగా ఉంది. తగిన శాస్తి జరిగిందనుకుంది. తను పడ్డది ఇప్పుడు తెలిసొచ్చిందా అని అడగబోయింది కూడా. అక్క మొహం చూసి ఆగింది.

"ఈ మానిటర్ వద్దని నువ్వు చెప్పావటగా. సంతకం పెట్టొచ్చానని ఆయనే గొప్పగా చెప్పుకున్నారు. ఆ కాగితం నాకివ్వు," అంది అక్క.

"ఇస్తాను. నాలుగేళ్ళ కిందట స్టూడియోలో నువ్వేం చూశావో ముందు చెప్పు. గట్టిగా చెప్పు."

షాపులో నలుగురు కొనేవాళ్ళు, ముగ్గురు పనివాళ్ళు ఉన్నారు. అక్క తలెత్తింది. "నువ్వు చేసిన రంగులు సరిగ్గానే ఉన్నాయి. చెడగొట్టింది ఆయన. నేను చూసి కూడా నోరు మూసుకున్నాను."

నాలుగేళ్ళుగా చిన్ని వినాలనుకున్న మాట అది. విన్నాక ఎగిరి గంతేస్తాననుకుంది. కాళ్ళు మాత్రం కదల్లేదు. సొరుగులోంచి కవర్ తీసి ఇచ్చింది.

అక్క కాగితం చదవలేదు. గోడ వైపు చూస్తోంది. అక్కడ ఇంకో గేమింగ్ మానిటర్ జిగేల్మంటోంది. ఈ నాలుగేళ్ళలో అక్క కూడా పనిమంతురాలైంది మరి.

"ఆయనకి దీన్ని ఈ వెలుగులోనే చూపించావా?"

చిన్ని సొరుగు వైపు చూసింది.

"తగ్గించే వీలుంది కదా?"

"ఉంది. కావాలనే తగ్గించలేదు. ఆయన మీద కోపంతో."

"ఆయన మీద కోపంతో," అంది అక్క మెల్లగా. "దాని ముందు కూర్చున్నది నేను."

ఆ మాట చిన్నికి చెంపదెబ్బలా తగిలింది. ఆయన్ని కొట్టాలని విసిరిన రాయి ఎవరికి తగులుతుందో ఒక్కసారైనా ఆలోచించలేదు. అక్క చేతిలోని కవర్లోంచి కాగితం తీసి, బావ గీసిన రెండు గీతల కింద రాసింది: షోరూమ్ వెలుగు తగ్గించకుండా చూపించాను. సంతకం పెట్టింది. అది తన షాపు యజమాని కంట పడితే ఈ ఉద్యోగం కూడా పోవచ్చు.

"ఆ పెన్ను ఇటివ్వు," అంది అక్క. తను ఆ రోజు చూసింది మూడు వరుసల్లో రాసి, ఆమె కూడా సంతకం పెట్టింది. అక్షరాలు గుండ్రంగా పడ్డాయి.

"నాలుగింటికి బట్టల షాపాయన స్టూడియోకి వస్తున్నాడు. మీ బావగారు నన్ను అతని ముందు నిలబెడతారట," అంది అక్క. "ఆయన రంగు తగ్గించకముందు నువ్వు చేసిన పాత ఫైలు నేను చెరపలేదు. గుడ్డముక్కలు కూడా ఉన్నాయి. నీ మంచి డిస్‌ప్లే ఒకటి పట్టుకురాగలవా?"

చిన్ని గోడ మీంచి కుడివైపు దాన్ని జాగ్రత్తగా దించింది. సొరుగు తెరిచి రిమోట్ తీసుకుంది.

"ఇదెందుకు?" అంది అక్క.

"బావగారి ముందు, ఆ పెద్దమనిషి ముందు, మీ మానిటర్, ఇదీ రెండూ పక్కపక్కన పెడదాం అక్కా," అంది చిన్ని. "ఈసారి వెలుగు తగ్గించే చూపిద్దాం."