సామాన్ల గదిలో తల్లిపెట్టె

అక్క పనిచేసే ల్యాబులో సాఫ్ట్‌వేర్‌కి సోమవారం కొత్త వెర్షన్ వచ్చింది. ఇంటికి కొత్త అల్లుడొచ్చినా అంత హడావిడి ఉండదు. ఇన్‌చార్జి సారు మూడో అంతస్తులో అందరికీ మిఠాయి పంచారు. మిషన్లు బాగుపడినందుకు కాదు, మిషన్లు బాగున్నాయని చూపించే బొమ్మ బాగుపడినందుకు.

ఆ ల్యాబుకి ఊళ్ళోనూ చుట్టుపక్కలా ముప్పై ఒక్క సెంటర్లున్నాయి. జనం అక్కడికి వెళ్ళి రక్తం ఇస్తారు. వ్యాను ఆ సీసాలను ఇక్కడికి తెస్తుంది. ఇక్కడ పరీక్ష చేసి రిపోర్టును నెట్‌లో మళ్ళీ అక్కడికే పంపుతారు. నెట్ తెగితే రిపోర్టు ఇక్కడే ఉండిపోతుంది. అందుకని మూడో అంతస్తులో ఒక గది, గోడకు పెద్ద స్క్రీను, దాని మీద ముప్పై ఒక్క చుక్కలు. నెట్ ఉంటే పచ్చ, లేకపోతే ఎరుపు. చుక్క ఎర్రబడగానే అక్క ఆ సెంటర్‌కి ఫోన్ చేసి, ఏ వైరు ఊడిందో కనుక్కుని, అక్కడి నర్సు చేతే పెట్టించేది. ఆర్నెల్లుగా అదే పని. శుక్రవారంతో ఆ ఆర్నెల్లు పూర్తవుతాయి. సారు సంతకం పెడితే అక్క పర్మనెంటు. పెట్టకపోతే ఇంటికి.

బడికి సెలవులని నేను అక్క దగ్గరికి వచ్చాను. పగలు అక్క అద్దెకుండే రేకుల గదిలో ఉండలేక అక్కతో పాటు ఆఫీసుకి వెళ్ళి, తలుపు పక్క కుర్చీలో పుస్తకం తెరుచుకుని కూర్చునేదాన్ని. నన్నెవరూ పలకరించలేదు. అందువల్ల అన్నీ వినపడ్డాయి.

ఇన్‌చార్జి సారుకి వెనకాల పేరు ‘పచ్చదనం’. స్క్రీను మీద ఒక్క ఎర్రచుక్క కనిపిస్తే ఆయనకి అన్నం సహించదు. అవతల సెంటర్‌లో నెట్ పోయిందని కాదు, ఇవతల చుక్క ఎర్రగా ఉందని. కొత్త వెర్షన్‌లో ఆయనకి మూడు విషయాలు తెగ నచ్చాయి. మొదటిది ఆరోగ్య మార్కులు. చుక్కలన్నీ లెక్కేసి వందకి ఎన్నో పైన పెద్ద అంకెల్లో వేస్తుంది. రెండోది టికెట్, అంటే ఫిర్యాదు చీటీ. ఇకమీదట నెట్ పోతే సెంటర్లవాళ్ళు అక్కకి ఫోన్ చెయ్యకూడదు, సైట్‌లోకి వెళ్ళి టికెట్ పెట్టాలి. మంగళవారం పొద్దున్నే అక్క బల్ల మీది ఫోన్ తీయించేశారు.

“సార్, నెట్ లేనివాళ్ళు సైట్‌లోకి ఎలా వెళ్తారు?” అని అక్క అడిగింది.

“అన్నిటికీ అడ్డుపుల్ల వెయ్యడమేనా అమ్మాయ్? ప్రపంచమంతా ఇలాగే చేస్తోంది” అన్నారు సారు.

ప్రపంచమంతా బావిలో పడ్డవాణ్ణి పైకొచ్చి అర్జీ పెట్టుకోమంటోందని నాకు అప్పుడే తెలిసింది.

మూడోది తల్లీపిల్లల పటం. నెట్ పంచే ఏ పెట్టె కింద ఏ సెంటర్లున్నాయో గీసిపెడితే, తల్లిపెట్టె మరమ్మతులో ఉన్నప్పుడు పిల్లల గురించి సాఫ్ట్‌వేర్ గోల చెయ్యదు, చుక్కలు పచ్చగానే ఉంచుతుంది. అన్నం తింటూ అక్క నాకు అర్థమయ్యేలా చెప్పింది. “ఇంట్లో మెయిన్ ఆపి ఫ్యూజు మారుస్తున్నాం అనుకో. బల్బు పోయింది, ఫ్యాను పోయింది అని ఒక్కోటీ అరవడం ఎందుకు? అది మంచిదేనే. గీసేవాడి బుద్ధి మంచిదైతే.”

సోమవారం మార్కులు డెబ్బై ఏడు. మంగళవారం డెబ్బై నాలుగు. శుక్రవారం పెద్ద డాక్టరమ్మ, అంటే ఆ ల్యాబు యజమానురాలు, కొత్త వెర్షన్ చూడడానికి వస్తారు. సారు గది చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగారు. బుధవారం అక్కని తొందరగా పంపేసి, తనే కంప్యూటరు ముందు కూర్చున్నారు.

గురువారం పొద్దున వెళ్ళేసరికి స్క్రీను మీద వంద. ముప్పై ఒక్క చుక్కలూ లేత చిగురాకుల్లా ఉన్నాయి. అక్క సంతోషించలేదు. పటం తెరిచి చాలాసేపు చూసి, లేచి సామాన్ల గదికి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. విరిగిన ఫ్యాను కింద, కాగితాల మూటల మధ్య ఒక పాత నల్లపెట్టె ఉంది. దానికి వైరు లేదు. పోయినేడాది పాడైతే తీసి పారేశారట. సారు పటంలో దాన్ని ముప్పై ఒక్క సెంటర్లకీ తల్లిని చేసి, మరమ్మతులో ఉందని రాసుకున్నారు. అంతే, ఎవరి నెట్ పోయినా సాఫ్ట్‌వేర్ నోరెత్తదు. థర్మామీటరుని ఫ్రిజ్‌లో పెట్టి జ్వరం తగ్గిందన్నట్టు.

అక్క వెనక్కి వచ్చి మెల్లగా అంది. “సార్, ఆ పెట్టె కరెంటులోనే లేదు.”

“అందుకే కదా మరమ్మతులో పెట్టాను. అబద్ధమేమైనా ఆడానా?”

“మరి నిజంగా నెట్ పోయినవి?”

“టికెట్ పెడతారు. ఒక్క టికెట్ రాలేదు చూడు. అంటే అందరూ హాయిగా ఉన్నారు.” సారు ఒక కాగితం అక్క ముందుకి తోశారు. “కొత్త వెర్షన్ పరీక్షించాను, బాగుంది అని సంతకం పెట్టు. రేపు నీ కాగితం మీద నేను పెడతాను. నువ్వు దాన్ని నమ్మక ఫోన్లు చేస్తూ కూర్చుంటే, నీకు ఈ పని చాతకాదని రాయాల్సి వస్తుంది.”

అక్క కాగితం తీసుకుని సంచిలో పెట్టుకుంది. ఆ రోజంతా ఒక్క ఫోన్ కూడా చెయ్యలేదు. వంద వైపు చూస్తూ కూర్చుంది.

ఇంటికి వెళ్ళాక నాకు ఒళ్ళు మండింది. “నీ సెల్ నుంచైనా చెయ్యొచ్చుగా.”

“చేస్తే? నర్సులు సారుతో ‘మీ అమ్మాయి చేసింది’ అని చెప్పరూ?”

“చెప్పనీ.”

“చెప్పనీ అనడానికి నీకేం, నాన్న డబ్బులతో తింటున్నావు. నా జీతం ఆగి నేను ఇంటికొస్తే నీ చదువు సంగతేంటో ఆలోచించావా?”

సారంటే నాకు అసహ్యమే. ఆ రాత్రి అక్క మీద కూడా కొంచెం వచ్చింది. నా చదువు అడ్డం పెట్టుకున్నందుకు మరీ వచ్చింది, ఎందుకంటే అది నిజం.

శుక్రవారం పదకొండింటికి పెద్ద డాక్టరమ్మ వచ్చారు. సారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో కర్రతో, వంద అంకెని పెళ్ళికూతుర్ని చూపించినట్టు చూపించారు. “ఒక్క సెంటర్లో కూడా ఇబ్బంది లేదు మేడమ్. ఇదిగో, మా అమ్మాయే పరీక్షించింది.” అక్క చేతికి పెన్ను ఇచ్చారు. అక్క సంచిలోంచి తీసిన సంతకం చెయ్యని కాగితం బల్ల మీద ఉంది.

అప్పుడే వ్యాను నడిపే బాబాయి తలుపు తోసుకుని వచ్చాడు. సీసాలు తెచ్చినప్పుడల్లా పైకి వచ్చి అక్కని పలకరించి పోవడం ఆయనకి అలవాటు.

“అమ్మాయ్, నీ ఫోన్ ఏమైంది? నది అవతలి సెంటర్ నర్సు మొన్నటి నుంచి చేస్తోందంట. నెట్ లేదంట. పదకొండు మంది రిపోర్టులు రాలేదు. ఒక పెద్దాయనకి ఆపరేషను వాయిదా పడిందని తిట్టిపోస్తున్నాడు.”

సారు నవ్వారు. “అదేం లేదు. చూడు, పచ్చగా ఉంది.”

“ఇక్కడ పచ్చగానే ఉంటది సారూ. అక్కడికొచ్చి చూడండి, పెద్దాయన మొహం ఎర్రగా ఉంది.”

“టికెట్ పెట్టలేదే?”

“నెట్ ఉంటే టికెట్ ఎందుకు పెడతారు? సినిమాకా?”

డాక్టరమ్మ ఇద్దరినీ చూసి అక్క వైపు తిరిగారు. “ఏది నిజం?”

అక్క చేతిలో పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. తర్వాత పెన్నుని సారు ముందు పెట్టేసింది.

“బాబాయి చెప్పింది నిజం మేడమ్. స్క్రీను చెప్పేది కాదు.” పటం తెరిచి, ఆ తల్లిపెట్టె ఎక్కడుందో, దానికి వైరు కూడా లేదని చెప్పింది. ఒక్క మాట మింగలేదు. సారు మధ్యలో “అది కొత్త పద్ధతి మేడమ్” అని రెండుసార్లు అన్నారు.

“తీసి చూపించు” అన్నారు డాక్టరమ్మ.

అక్క తల్లిపెట్టెను పటంలోంచి తీసేసింది. అర నిమిషం ఏమీ కాలేదు. తర్వాత ఒకటి, రెండు, ఐదు, తొమ్మిది చుక్కలు ఎర్రబడ్డాయి. వంద కాస్తా డెబ్బై ఒకటి.

“ఎప్పటి నుంచి?”

“తెలీదు మేడమ్. చూడొద్దని చెప్పినదాన్ని అది రాసుకోదు.”

సారు మెడ మీద చెమట చూసి నాకు లోపల పండగలా ఉంది. ఇప్పుడు కడిగేస్తారు అనుకున్నాను. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“సోమవారం కొత్త భాగస్వాములు వస్తున్నారు” అన్నారు సారుతో. “వాళ్ళకి ఈ డెబ్బై ఒకటి చూపిస్తామా? ఆ పెట్టె మళ్ళీ పెట్టెయ్యండి.”

“మేడమ్, మరి సెంటర్లు?” అంది అక్క.

“నువ్వున్నావుగా. ఫోన్లు చేసి బాగుచేయించు. ఇలాంటి మనిషి ఒకరు ఉండాలి. సారూ, ఈ అమ్మాయి కాగితం మీద సంతకం చేసెయ్యండి.”

సారు వెంటనే చేశారు, అక్షరాలు కూడా చక్కగా వచ్చాయి. సంతకం లేని ఆ రెండో కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. డాక్టరమ్మ చెప్పుల చప్పుడు మెట్ల మీద తగ్గిపోయింది.

బాబాయి అక్క చేతిలోని కాగితం వైపు చూశాడు. “సంతోషించమంటావా అమ్మాయ్, ఊరుకోమంటావా?”

“ముందు నర్సు నంబరు చెప్పు బాబాయ్” అంది అక్క. తన సెల్ తీసి నొక్కింది.

సారు కంప్యూటరు ముందు కూర్చుని ఏదో నొక్కారు. అవతల ఎవరూ ఇంకా ఫోన్ ఎత్తనే లేదు, తొమ్మిది చుక్కలూ పచ్చబడిపోయాయి.