అత్తగారి సినిమాకి అక్షరాలు

అత్తగారికి చెవులు పోయి ఎనిమిదేళ్ళయింది. జ్వరం వచ్చింది, తగ్గింది, పోతూ పోతూ వినికిడిని మూటగట్టుకుపోయింది. అప్పటినుంచి ఆవిడ లోకమంతా పెద్దకోడలి మొహంలోనే ఉండేది. పెద్దకోడలు పెదవులు నిదానంగా కదిపి మాట్లాడితే ఆవిడకు పొల్లుపోకుండా అర్థమయ్యేది. మిగతావాళ్ళు అరిస్తే, "గోడతో చెప్పుకోండి, అది నాకంటే నయం" అనేది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరూ సినిమా చూసేవారు. పెద్దకోడలు కుట్టుమిషను మూసి, టీవీ పక్కన స్టూలు వేసుకుని, అత్తగారి వైపు తిరిగి కూర్చునేది. చెవులు టీవీకి, మొహం అత్తగారికి. తెరమీద వాళ్ళు నోరు తెరవడమే ఆలస్యం, ఈవిడ అందుకునేది. అలా వెనక్కి తిరిగి కూర్చుని ఎన్ని సినిమాలు చూడకుండా చూసిందో లెక్కలేదు. "మా అత్తగారికి స్పీకర్ని నేనే" అని ఇరుగుపొరుగుతో చెప్పుకునేది. ఆ మాటలో బడాయి పాలు కాస్త ఎక్కువే.

అలాంటి ఇంట్లోకి చిన్నకోడలు వచ్చింది. ఆ పిల్లకు వీడియో షాపులో పని. పెళ్ళి వీడియోలు కోసి, అతికించి, డిస్కులకు ఎక్కిస్తుంది. వచ్చిన రెండో నెలలో అన్నం తింటూ అంది:

"అక్కా, అత్తయ్యగారి సినిమాలకి సబ్‌టైటిల్స్ పెట్టి డిస్కు చేస్తాను. ఆవిడకి చదువొచ్చు కదా, ఎవరి సాయం లేకుండా చూసుకుంటారు."

పెద్దకోడలికి పొలమారింది.

"ఇన్నాళ్ళూ చూడలేదేంటి పాపం ఆవిడ?" అంది మంచినీళ్ళు తాగి.

"అది కాదక్కా, మీకు శ్రమ కదా అని."

"శ్రమని నేను చెప్పానా నీకు?"

చిన్నది నవ్వేసింది. అత్తగారికి కాగితం మీద రాసి చూపించింది. ఆవిడ మొహం చాటంత అయింది. "నా సినిమాకి అక్షరాలా!" అని చిన్నదాని గడ్డం పుణికింది. ఆ పుణకడం పెద్దకోడలి కళ్ళలో నిప్పులు పోసింది. ఎనిమిదేళ్ళలో తన గడ్డం ఎన్నిసార్లు పుణికిందో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఒక చెయ్యి చాలింది.

అత్తగారికి ప్రాణమైన సినిమానే ముందు తీసుకున్నారు. రైల్వే గేటు కాపరి, తల్లిలేని అతని కూతురు, అదీ కథ. చిన్నది షాపులో ఖాళీ దొరికినప్పుడల్లా మాటలు విని టైపు చేసుకొచ్చింది. ఏ మాట ఏ సెకనుకి రావాలన్నది మాత్రం ఇంట్లో చెయ్యాలి. ఇంటి కంప్యూటరుకి స్పీకరు పోయింది, ఇయర్‌ఫోన్సే గతి.

"నా కళ్ళు టైపు చేసిన వరసల మీదుంటాయి అక్కా. మీరు చెవుల్లో పెట్టుకుని, మాట మొదలవగానే బల్ల మీద తట్టండి. నేను మీట నొక్కుతాను. మీకైతే సినిమా కంఠతా వచ్చుగా."

పెద్దకోడలు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంది. మొదటి మాట వినబడింది. చెయ్యి లేచింది, ఆగింది. మనసులో ఒకటి, రెండు, మూడు అనుకుని తట్టింది. రెండో మాటకీ అంతే. గుడ్డ మీద సుద్దగీత గీసే చెయ్యి అది, కొలత తప్పడం తెలియదు. రెండు సాయంత్రాల్లో సినిమా మొత్తం అలాగే తట్టింది.

ఆదివారం డిస్కు పెట్టారు. అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని కూర్చుంది. అయిదు నిమిషాలకే నొసలు ముడివేసింది.

"ఏమే చిన్నదానా, ఈ మీసాల గార్డు గేటు కాపరిని పట్టుకుని 'నాన్నా, జడ వెయ్యి' అంటాడేంటే?"

కూతురు మాట గార్డు నోటికి, గార్డు మాట మేకకి వచ్చి పడుతున్నాయి. చిన్నదాని మొహం పాలిపోయింది. అత్తగారు కాసేపు చూసి, తల పట్టుకుని, "తీసెయ్యవే తల్లీ, కళ్ళు తిరుగుతున్నాయి. పెద్దదానా, నువ్వు రా" అంది.

పెద్దకోడలి కడుపులో మంటమీద ఎవరో చెంబెడు నీళ్ళు పోశారు. స్టూలు లాక్కుంది.

మర్నాడు చిన్నకోడలు కంప్యూటరు ముందు కూర్చుని పిలిచింది.

"అక్కా, చిత్రం చూడండి. మొదటి మాట మూడు సెకన్లు లేటు. ఆఖరిదీ మూడే. చెయ్యి తడబడితే ఒకటి ముందూ ఒకటి వెనకా రావాలి కదా?"

పెద్దకోడలు తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

"దర్జీ చెయ్యి కదా, అందుకే ఇంత కొలతగా ఉంది," అంది చిన్నది తల ఎత్తకుండా. "పనీ తేలికైంది. అన్నిట్లోంచీ మూడు తీసేస్తే చాలు."

ఈసారి డిస్కు అద్దంలా వచ్చింది. పెద్దకోడలు అలవాటుగా స్టూలు మీద కూర్చుంది. గంటసేపు అత్తగారు ఆమె వైపు తల తిప్పలేదు. చదివి నవ్వింది, చదివి ఏడ్చింది. స్టూలు మీద మనిషున్నా, పిల్లి ఉన్నా ఒకటే.

కూతురు ఉద్యోగానికి రైలెక్కే ఘట్టం వచ్చింది. తండ్రి జెండా పట్టుకుని నోరు తెరిచాడు. కింద అక్షరాలు పడ్డాయి: 'కిటికీలోంచి చెయ్యి బయట పెట్టకు.'

అత్తగారు రిమోటు నొక్కి సినిమా ఆపింది.

"ఇక్కడ నువ్వు చెప్పేది ఇది కాదే. 'ఈ చేత్తో వెయ్యి బండ్లకి పచ్చజెండా ఊపాను, నీ బండికి మాత్రం చెయ్యి లేవట్లేదమ్మా' అంటాడని కదూ?"

పెద్దకోడలు నేల చూసింది.

"ఎవరి మాట అది?"

"నాదే అత్తయ్యా," అంది మొహం ఎత్తి.

రెండు రోజులు అత్తగారు ఆమె మొహం చూడలేదు. చెవులు లేని మనిషి మొహం తిప్పుకుంటే తలుపు గడియ పెట్టినట్టే, ఇక ఎంత తట్టినా వినబడదు. ఆ రెండు రోజులూ కంచం చిన్నదే పెట్టింది, మందులు చిన్నదే ఇచ్చింది. పెద్దకోడలు ఒకే జాకెట్టు చెయ్యి రెండుసార్లు తిరగేసి కుట్టి విప్పింది.

మూడోరోజు అత్తగారే మిషను దగ్గరకొచ్చింది.

"ఎన్ని సినిమాల్లో చేశావే ఈ పని?"

"అన్నిట్లోనూ. వాళ్ళ మాటలు చప్పగా ఉంటే..."

"ఆ జెండా మాట తలుచుకుని నేనెన్నిసార్లు ఏడ్చానో తెలుసా? తీరా చూస్తే ఆ చవట కిటికీ గురించి చెప్తున్నాడు. నీ మాటలే వేయించు ఆ డిస్కులో. చిన్నదానికి చెప్పు."

సంతోషించాల్సిన మాటే. పెద్దకోడలికి మాత్రం కొత్త మంట పుట్టింది. ఇప్పుడిక తన మాటలే తెరమీదికెక్కి తన చోటు లాక్కుంటాయి. చిన్నదాన్ని తిట్టుకోవచ్చు, అక్షరాల్ని ఏమని తిట్టుకుంటుంది?

అయినా కూర్చుని చెప్పింది. చిన్నది టైపు చేసింది, నవ్వింది, రెండుచోట్ల ముక్కు చీదింది. రైలు ఘట్టం దగ్గర పెద్దకోడలు ఆగిపోయింది.

"ఇక్కడ జెండా మాటేగా అక్కా?"

"ఏమీ రాయకు. ఎనిమిది సెకన్లు ఖాళీగా వదిలెయ్."

"అత్తయ్యగారికి మాట అందదు కదా?"

"వదిలెయ్ అన్నానా?"

చిన్నకోడలు తల తిప్పి ఆమెను చూసింది. పెదవి చివర నవ్వొకటి కదిలింది.

"ఎనిమిదేగా? మూడు కాదుగా?"

పెద్దకోడలి మొహం కందగడ్డయింది. "ఎనిమిదే. ఈసారి సరిగ్గానే చెప్తున్నాను."

కొత్త డిస్కు పెట్టిన రోజు చిన్నకోడలు కూడా వచ్చి అత్తగారి పక్కన కూర్చుంది. రైలు కూత వేసింది. గేటు కాపరి జెండా పట్టుకుని నోరు తెరిచాడు. కింద ఏమీ రాలేదు. అత్తగారు ఒక్క క్షణం తెర అడుగున వెతికి, గిరుక్కున స్టూలు వైపు తిరిగింది. పక్కనే చిన్నకోడలు కూడా తల తిప్పింది.

"నీకు చెవులున్నాయిగా," అంది పెద్దకోడలు, "నువ్వు తెర చూసుకో."