గదిలోకి వచ్చే సముద్రం

శుక్రవారం భోజనాలయ్యాక సౌదీలోని దమ్మామ్‌లో, పనివాళ్ల క్యాంపులో రాజేశం చాయ్ పెట్టేవాడు. అతను రేవులో పడవలకు రంగులు వేసే మనిషి. పూడిక తీసే పడవకు కెప్టెన్ అయిన హాలెండు ముసలాయన యాన్ వచ్చి మంచం మీద కూర్చుని తన ఊరి సంగతులు చెప్పేవాడు. హిందీ, ఇంగ్లిషు కలిసిన ఆ మాటల్ని కడప డ్రైవరు అల్తాఫ్ తెలుగు చేసేవాడు.

యాన్ నోరు విప్పగానే తలుపు కిందనుంచి చల్లటి నీళ్లు వచ్చి చీలమండల దాకా నిండేవి. ఆయన ఊరి సముద్రం అది. అందరూ చెప్పులు తీసి మంచాల మీద పెట్టుకుని వినేవాళ్లు. కథ అయ్యాక నీళ్లు వెళ్లిపోయేవి, రాజేశం నేల తుడిచేవాడు.

ఆ ఊరు ఒకప్పుడు దీవి. వరదలకు భయపడి దిబ్బల మీద చెక్క ఇళ్లు కట్టుకున్నారు. అందరూ జాలర్లే. మొండివాళ్లు, మాట తక్కువ. ఎవడి పడవైనా తిరగబడితే వాడితో మాటల్లేనివాడే ముందు నీళ్లలోకి దూకేవాడట.

పరదేశీ పనివాళ్ల మీద లెవీలు పెరిగిన ఏడాది, స్థానికులకు ఎన్ని కొలువులిచ్చారో లెక్కచూసే నితాఖాత్‌లో వాళ్ల కంపెనీ ఎర్ర జాబితాలో పడింది. సౌదీవాళ్లు సరిపడా లేరని అక్కడ ఉండేందుకిచ్చే ఇకామాలు రెన్యూ కాలేదు. రాజేశానికి దేశం విడిచి పొమ్మనే ఫైనల్ ఎగ్జిట్ వచ్చింది. భార్య జయకు ఫోన్ చేశాడు.

"వచ్చి ఏం జేస్తవు? ఇల్లు, పొలం డ్యామ్ నీళ్లల్ల మునిగె. సర్కారిచ్చిన కాలనీల కూసుంటవా?" అందామె.

ఆ శుక్రవారం యాన్ ఆఖరు సంగతి చెప్పాడు. సర్కారు సముద్రానికి అడ్డంగా కట్ట కట్టి, లోపలి నీళ్లు తోడించింది. నీళ్లు పోయి పడవలు బురదలో కూలబడ్డాయి. వాళ్ల తాత చలికాలమంతా ఒడ్డున నిలబడి చూస్తూ గడిపాడు. చలి తగ్గాక పార పట్టుకుని దిగి, ఆ సముద్రం అడుగునే ఆలుగడ్డ వేశాడు.

"నీళ్లు పోయి నేల వచ్చినాదప్పా వాళ్లకు," అన్నాడు అల్తాఫ్.

రాజేశం కాళ్లకు ఏవో తగులుతున్నాయి. ఎన్నడూ లేనిది, ఆ రోజు నీళ్లతో చేపలూ వచ్చాయి. వంగి రెండు చేతులతో ఒకటి పట్టాడు. ఇంకొకటి పట్టాడు.

"ఇది యాడ నేర్చినావు?" అన్నాడు అల్తాఫ్.

"మా నాయిన చేపలు పట్టేటోడు. చెరువెండినంక నేను ఇటొచ్చిన. చేతులకు యాదికున్నది."

సాయంత్రం పులుసు పెట్టి అందరికీ వడ్డించాడు. యాన్ రెండోసారి అడిగి వేయించుకున్నాడు. చేతులు కడుక్కుని రాజేశం మళ్లీ ఫోన్ చేశాడు.

"మునిగిన కాడ చేపలున్నయా?"

"మస్తున్నయట. మీ అన్న పీరయ్య చేపలు పట్టేటోళ్ల సంఘంల చేరిండు."

"నన్ను గూడ చేర్పియ్యుమను. వస్తున్న."

అతను ఇల్లు చేరాక వానలకు డ్యామ్ నిండింది. పొద్దున్నే రాజేశం, జయ తెప్ప మీద వెళ్లారు. దూరంగా ఉన్న గుట్టనూ, నీళ్లపైకి తేలిన వాటర్ ట్యాంకు తలనూ చూసి అతను తమ ఇల్లు ఎక్కడుండేదో పోల్చుకున్నాడు. తొలి వల అక్కడే విసిరాడు. బరువుగా లేచింది.

జయ చేపల్ని బుట్టలో వేస్తూ పెద్దదాన్ని పక్కకు తీసింది.

"దీన్ని అమ్మొద్దు. మన వాకిట్ల పడ్డది, మనమే తిందాం," అంది.