రొయ్యల విమోచనం

గుడివాడలో తెలుగు పండితుడిగా పదవీ విరమణ చేసిన బసవపున్నయ్యగారి ఇంటి అటకను పురావస్తు శాఖవారు ఎందుకు పట్టించుకోలేదో తెలియదు. దిబ్బలో ఒక్కో పొరకు ఒక్కో రాజవంశం బయటపడినట్టు, ఆ అటక మీద ఒక్కో పొరకు ఒక్కో ఉత్సాహం బయటపడుతుంది. అట్టడుగున హార్మోనియం, దాని మీద తేనెటీగల పెట్టెలు, ఆపైన హోమియో సీసాలు, అన్నిటికీ పైన యోగా చాప. వీటిలో ఏదీ సహజ మరణం పొందలేదు. ప్రతిదాన్నీ తరువాతి ఉత్సాహమే దండెత్తి వచ్చి పదవీచ్యుతం చేసింది.

పందొమ్మిదివందల తొంభైల మధ్యలో ఆ సింహాసనాన్ని బౌద్ధం అధిష్ఠించింది. బస్టాండు దగ్గర పాత పుస్తకాల బండి మీద దొరికిన ఒక చిన్న పుస్తకంలో, మంచిపని చేయడంలో కలిగే ఆనందమే ఉత్సాహమనీ, అది పారమితల్లో ఒకటనీ రాసి ఉంది. ఆయన కళ్ళు చెమర్చాయి. లోకం ఇన్నాళ్ళూ నిలకడలేనితనమని వెక్కిరించిన గుణం సాక్షాత్తూ బుద్ధత్వానికి మెట్టని తేలింది. విసుగు పుట్టిన తరువాత కూడా నిలిచేదే ఆ ఉత్సాహమని తరువాతి పుటలో ఉంది గానీ, ఆయన సాధారణంగా తరువాతి పుట దాకా వెళ్ళరు. వారం తిరక్కుండా ‘ధర్మోత్సాహ సంఘం’ వెలిసింది. అధ్యక్ష పదవికి పోటీ లేదు.

ఆ వైశాఖంలోనే ఆయన బావమరిది ధనరాజుకు కష్టం వచ్చింది. నాగాయలంక దగ్గర చెరువు కౌలుకు తీసుకుని రొయ్య వేశాడతను. కిందటి పంట తెల్లమచ్చ రోగానికి తుడిచిపెట్టుకుపోయింది. ఇదీ పోతే మళ్ళీ ఇంకొకరి పడవలో కూలికి వేటకు వెళ్ళవలసిందే. సరిగ్గా అప్పుడు భార్య వీరదుర్గకు కాన్పు కష్టమవుతుందని డాక్టర్లు ముందుగానే చేర్చుకోవడంతో, బందరు ఆసుపత్రిలో ఆమె పక్కన ఉండవలసి వచ్చింది. చెరువు దగ్గర నమ్మకమైన మనిషి కావాలి. అక్క సరోజిని తన భర్త పేరు చెప్పింది.

“అక్కా, బావ హార్మోనియం సంగతి నాకూ తెలుసు.”

“ఈసారి నిలబడతారు. నా మాట మీద వదిలెయ్యరా.”

అలా ఒక ఇల్లాలి మాట ఒక రొయ్యల చెరువుకు హామీగా నిలిచింది.

పని చిన్నదే. వేళ తప్పకుండా మేత చల్లాలి. కాసేపాగి, తాడు కట్టి నీళ్ళలో దింపిన చెక్ ట్రే పైకి లాగి, మేత మిగిలిందో లేదో చూడాలి; మిగలకపోతే రొయ్య ఆరోగ్యంగా తింటున్నట్టు. మళ్ళీ వేళ కాగానే మళ్ళీ చల్లాలి. సరోజినితో కలిసి చెరువు దగ్గర మకాం పెట్టిన బసవపున్నయ్యగారు మొదటి రోజు గట్టు మీద ప్రదక్షిణంగా నడుస్తూ, ‘బుద్ధం శరణం గచ్ఛామి’ అంటూ మేతతోపాటు త్రిశరణాలు కూడా చల్లారు. రెండో రోజు మేత మాత్రమే చల్లారు. మూడో రోజు సరోజిని గుర్తుచేస్తే తప్ప కదలలేదు. రొయ్యలు ప్రతిపూటా అదే మేత తినడం, అభివృద్ధి కోరే జీవుల లక్షణం కాదని ఆయనకు అనిపించింది.

ఆ విసుగులోంచే మహాసంకల్పం పుట్టింది. ఎదురుగా బుద్ధ పూర్ణిమ ఉంది. ప్రాణులకు విముక్తి ప్రసాదించడానికి అంతకన్నా సుదినం లేదు. సంఘ సభ్యులకు కబురు వెళ్ళింది. పూర్ణిమ మధ్యాహ్నం వాళ్ళు బ్యానరుతో సహా అవనిగడ్డలో బస్సు మారి వచ్చారు. సరోజిని ఊళ్ళోకి వెళ్ళిన సమయం చూసి, అధ్యక్షులవారు స్వహస్తాలతో తూము పలకలు లేపారు. సముద్రం వెనక్కి లాగే పౌర్ణమి పాటుకు నీరు ఉరవడిగా మురుగుకాలువలోకి దూకింది. దానితో రొయ్యలూ దూకాయి. చప్పట్లు మోగాయి. కరుణ గురించి ఆయన చేసిన ప్రసంగం నీటిమట్టం సగానికి దిగేదాకా సాగింది. అప్పటికి సరోజిని వచ్చింది. చీర తడుస్తున్నా లెక్కచేయకుండా దిగి పలకలు బిగించింది.

విముక్తి పొందినవారి భవిష్యత్తు గురించి సంఘం ఆలోచించలేదు. ఊళ్ళో వేటకు వెళ్ళే తోమాసు పౌర్ణమి పాటుకు కాలువ సముద్రంలో కలిసే మొగలో సంచి వల కడతాడని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు, గుడివాడ మేధావులకు తప్ప. పొద్దు వాలకముందే తోమాసు, అతని అన్నదమ్ములు బుట్టలు మోసుకొచ్చి గట్టు మీద దించారు. ఐసు మీద పడుకున్న రొయ్యల ముఖాల్లో, నిర్వాణం పొందినవారికి ఉండవలసిన ప్రశాంతతే ఉంది.

“మేస్టారండీ, రొయ్య పట్టుబడి పెట్టి తూముకి వల కట్టడం మర్చిపోయారు,” అన్నాడు తోమాసు మర్యాదగా. “చెరువు రొయ్యని చూడగానే ధనరాజుదని తెలిసిపోయిందండి. రొయ్య కొనే కంపెనీ వ్యానుకి కబురంపాం.”

బసవపున్నయ్యగారు నోరు తెరిచారు. సరోజిని ఆయన వంక చూసింది. ఆ నోరు మూతబడింది. సంఘ సభ్యుల్లో ఒకాయన, తోమాసును పక్కకు పిలిచి అరకిలో రొయ్యలు తన సంచిలో పోయించుకుని ఆఖరి బస్సెక్కాడు.

అందరూ వెళ్ళాక సరోజిని తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయన సమాధానం చెప్పేవారు. క్షాంతి అనే మరో పారమిత గురించి బోధించేవారు కూడా.

“సగం చెరువు మిగిలింది. నా మాట కూడా సగమే మిగిలింది,” అంది. “మేత వేళైంది.”

ఆయన లేచారు. త్రిశరణాలు లేవు, ప్రదక్షిణం లేదు, చప్పట్లు లేవు. చల్లారు. ట్రే లాగి చూశారు. మర్నాడూ చల్లారు. అందులో ఆనందమేమీ లేదు. అరచేతిలో తాడు ఒరుసుకున్న చోట మంట తప్ప చెప్పుకోదగ్గ అనుభూతే లేదు. వేళ కాగానే మళ్ళీ లేచేవారు. సంఘం ఆ నెల సమావేశంలో రొయ్యల విమోచనాన్ని ఘనంగా కీర్తించింది. ఈ చల్లడం గురించి అక్కడెవరికీ తెలియదు.

ధనరాజు కూతురు పుట్టిందన్న సంతోషంతో వచ్చి, తగ్గిన నీళ్ళు చూసి ఆగిపోయాడు. సరోజిని జరిగింది దాచకుండా చెప్పింది. అతను గట్టు దిగి ట్రే పైకి లాగాడు. మేత గింజ మిగల్లేదు. ట్రేలో రొయ్యలు బలంగా ఎగిరాయి. రెండో ట్రే లాగాడు. అదీ అంతే.

“రోజూ మేత ఎవరు వేశారక్కా?”

“మీ బావే.”

ధనరాజు గట్టు చివరకు చూశాడు. బసవపున్నయ్యగారు మేత బస్తాకు ఆనుకుని నోరు తెరిచి నిద్రపోతున్నారు, ట్రే తాడు చేతికి చుట్టుకునే.

“నిజం చెప్పక్కా,” అన్నాడు ధనరాజు.